తపాలా బిళ్ళ తలుపు

మొన్న మా మనవరాలు బడిలో క్రిస్మస్ కార్డు చేసుకు రమ్మన్నారని రంగుకాగితాలు, కత్తెర, జిగురు ముందేసుకుని కూర్చుని, పాత తపాలా బిళ్ళలుంటే నాలుగియ్యి తాతా అని అడిగింది. ఇల్లంతా వెతికినా ఒక్కటి దొరకలేదు. మీ ఇళ్లలోనూ అంతే అయివుంటుంది, ఉత్తరాలు వచ్చే కాలమా ఇది. మడత విప్పితే కాగితపు ఇల్లు లేచి నిలబడాలట, బిళ్ళలు దానికి కిటికీలట. ఆ మాట వినగానే నేను లేచి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. ఏదో ఒకటి అని నవ్వించకుండా నేను లేచిపోవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

నాలుగో తరగతితోనే నేను బడికి సలాం కొట్టాను, పంతులు నాకంటే ముందే సంతోషంగా తిరుగు సలాం కొట్టాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఇరవై ఏళ్ల వయసులో, కరీంనగర్‌లో ఒక బైండింగు దుకాణంలో పనిచేసేవాణ్ణి. సర్కారు కచేరీల రిజిస్టర్లు కుట్టడం, పిండి ఉడికించి చేసిన జిగురును, లై అంటాం, అట్టలకు పూయడం, అట్ట లోపలివైపు అబ్రీ కాగితం అంటించడం నా పని. నీళ్లలో రంగులు కలబోసినట్టు అలలు అలలుగా ఉండే ఆ కాగితం మీలో కొందరికైనా గుర్తుండాలి. కత్తిరించగా మిగిలిన ముక్కలూ, కచేరీల వాళ్లు పారేసిన కవర్ల మీది తపాలా బిళ్ళలూ పోగుచేసి నేను మా అక్కకు పంపేవాణ్ణి.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు మగ్గం నేస్తుంటే అక్క పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఒకనాడు పొయ్యిమీది గిన్నెను ఉత్తచేతులతో దించింది, చెయ్యి కాలిన వాసన అవ్వకు వచ్చేదాకా తనకు తెలియనే తెలియలేదు. అది కుష్ఠురోగమని తేలింది. గోదావరి అవతల, ఆదిలాబాద్ పోయే తోవలో ఉన్న మిషన్ దవాఖానలో చేర్పించి వచ్చాం. వాడకట్టులోని ఇరుగుపొరుగుకు మాత్రం మేనత్త ఇంట్లో పిల్లల్ని చూసుకుంటోందని చెప్పాం. అక్క చదువూ రాతా నేర్చుకున్నది ఆ దవాఖానలోనే.

ఏటా క్రిస్మస్‌కు అక్కడి రోగుల చేత ఇళ్లకు కార్డులు చేయించేవారు. వంగిపోయిన రెండు వేళ్లతో అక్క చేసిన మొదటి కార్డు విప్పితే అబ్రీ కాగితపు ఇల్లు లేచి నిలబడింది, కిటికీలన్నీ తపాలా బిళ్ళలే. నా నోరు ఊరుకుంటుందా, జవాబు రాశాను: "ఇల్లు మంచిగున్నది గని తలుపేదే అక్కా? మీ దవాఖానల మనుషులు కిటికీలకెళ్లి దుంకుతరా? వచ్చేసారి తెరిచే తలుపు పెట్టు."

మరుసటేడు తలుపు పెట్టింది. ఎర్ర తపాలా బిళ్ళ, ఒక అంచుకే గట్టిగా లై పూసి, ఎదుటి అంచును చిన్న చుక్కతో ఆపింది. నేను చూసి నవ్వాను, బాపుకు చూపించాను. కానీ ఆ తలుపు తెరవలేదు.

ఎందుకు తెరవలేదో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. దవాఖాన నుంచి ఏ కాగితం వచ్చినా అవ్వ పుల్లలతో విప్పి, వేపాకు పొగ పట్టించి, దారం కట్టి, చూరుకు వేలాడదీసేది. ఇంట్లోకి రానిచ్చేది కాదు. నేను అవ్వను ఆటపట్టించేవాణ్ణి, "జర ఎక్కువ వట్టియ్యి అవ్వా, కార్డుకు దగ్గొస్తది" అనేవాణ్ణి. అనేవాణ్ణే గానీ, దాన్ని దారం పట్టుకునే తిప్పి చూసేవాణ్ణి. నా వేలు ఒక్కనాడూ ఆ కాగితానికి తగల్లేదు.

మృగశిర వానలు పడ్డాయి. చూరు కింద తేమకు లై చుక్క ఊడి, గాలికి తలుపు దానంతటదే తెరుచుకుంది. వెనుక చీమతలలంత అక్షరాలు.

"తమ్మీ, నాకు నయమైంది. ఇంటికి పోవచ్చని డాక్టరమ్మ కాయిదం ఇచ్చింది. పండుగ తెల్లారి గేటుకాడ కూసుంట, వచ్చి తోల్కపో. అవ్వకు భయమైతే రాకు, నేనేమనుకోను."

కార్డులు తక్కువ ఖర్చుతో బుక్ పోస్టులో వచ్చేవి, ఆ కవరు అంటించరు కదా, తోవలో ఎవరైనా తీసి చదవొచ్చు, వాడకట్టుకు మా అబద్ధం తెలిసిపోవచ్చు. అందుకని అక్క ఆ మాట తలుపు వెనుక దాచింది. తలుపు అడిగినవాణ్ణి నేను, తెరవకుండా ఉంటానా అనుకుంది.

బస్సు మారి బస్సు ఎక్కి ఆ మరునాడే పోయాను. అక్క కట్లు కట్టే గదిలో పాతగుడ్డలు చింపుతోంది. నన్ను చూసి నవ్వింది.

"తలుపు తీసుటానికి ఆర్నెల్లు వట్టిందా తమ్మీ?"

"నడువక్కా, ఇంటికి పోదాం."

"ఆనాడు పొద్దుమూకేదాక కూసున్న. మూట సుత కట్టుకున్న. తెల్లారి ఇగ ఈ పనిల చేరిన." గుడ్డ చింపడం ఆపి నా చేతుల వైపు చూసింది. "ఒక్కటడుగుత, నిజం చెప్పు. తలుపు నీకు కానరాలేదా, కార్డును చేత్తోని ముట్టలేదా?"

ప్రతిదానికీ ఎదురుమాట ఉండేది నాకు. ఆ రోజు మాత్రం అక్క చెయ్యి పట్టుకున్నాను. అక్క పట్టుకోనిచ్చింది, కాసేపటికి మెల్లగా విడిపించుకుంది.

"నా చేతి కాయిదానికే గట్లయితే, నా చేతి బువ్వ తింటరారా మీరు?" అంది. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. నేను బయల్దేరేముందు తన చేత్తో రొట్టె పెట్టింది. తిన్నాను, రెండు తిన్నాను, ఇంకోటి అడిగి మరీ తిన్నాను. అయినా నాతో రాలేదు.

ఆ తర్వాత కూడా ఏటా కార్డు పంపింది. ఇల్లుండేది, కిటికీలుండేవి, తలుపు మాత్రం ఉండేది కాదు. తలుపేదని నేను మళ్లీ అడగలేదు. ప్రతి బిళ్ళనూ గోటితో లేపి చూసేవాణ్ణి, వెనుక ఏమీ ఉండేది కాదు. అక్క అక్కడే ముసలిదై అక్కడే పోయింది.

ఇప్పుడు ఆ రోగానికి ఊరి దవాఖానలోనే మాత్రలిస్తున్నారు, మేనత్తల పేరు చెప్పి ఎవరినీ దాచనక్కర్లేదు. కార్డులు ఫోన్లలో వస్తున్నాయి. ఆ సాయంత్రం మనవరాలు ఒకటి చూపించింది, ఇంటి తలుపు దానంతటదే తెరుచుకుంది, లోపల దీపాలు వెలిగాయి. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. అప్పుడే అట్లాంటిది ఉండివుంటే మా అక్క ఇంటికి వచ్చేది. వచ్చేదేమో. అవ్వ ఆ ఫోనుకు కూడా వేపాకు పొగ పట్టించేది, నేను పక్కన నిలబడి నవ్వేవాణ్ణి.