దొరసాని అలక కాదది

మా పిన్ని బట్టలు కుడుతుంది. మనుషుల్ని కూడా కొలతలతోనే గుర్తుపెట్టుకుంటుంది. పేరు అడిగితే తడుముకుంటుంది గానీ, నడుము కొలత అడిగితే టక్కున చెబుతుంది. ఆవిడ కొట్లో టేపుకు లొంగని జీవి ఒక్కటే, దొరసాని. బూడిదరంగు ముసలి పిల్లి. కత్తిరింపుల బల్ల మీద, అదీ సరిగ్గా కత్తిరించాల్సిన గుడ్డ మీదే పడుకోవడం దాని హక్కు.

కొత్త కుట్టుమిషన్ వచ్చిందని ఆ బల్లను గోడ వైపు జరిపారు. అప్పట్నుంచి దొరసాని బల్లకాళ్లకు గుద్దుకోవడం మొదలుపెట్టింది. పైకి దూకబోయి, అంచు అందక జారిపడింది. బల్ల జరిపినందుకు అలిగిందని బాబాయి తేల్చేశాడు. పిన్ని ఊరుకుంటుందా? బల్లకాళ్లన్నిటికీ దూది పెట్టి గొట్టాలు కుట్టి తొడిగింది. చివర్లకు కుచ్చులు కూడా వేసింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. పిల్లి మాత్రం గుద్దుకుంటూనే ఉంది, కాకపోతే మెత్తగా.

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ నేరుగా దాని మొహం మీద పడుతోంది. సూదిలో దారం ఎక్కిస్తున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. అంత వెలుతురులో సన్నటి గీతలా ఉండాల్సిన కంటిపాప గుండ్రంగా విచ్చుకుని, కన్నంతా నల్లగా ఉంది. దారపు రీలు దొర్లిస్తే పిల్లి చప్పుడు వైపు తల తిప్పింది. చప్పుడు చెయ్యని దూదిపింజను ముక్కు ముందు జారవిడిస్తే కదలనైనా కదల్లేదు. మళ్లీ విడిచింది. అదే తీరు. పిన్ని బాబాయిని కేకేసింది.

“ఏమండీ, ఇది అలక కాదు. దీనికి కళ్లు కనబడట్లేదు.”

ఇక మా హడావుడి చూడాలి. బాబాయి ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకున్నాడు. నేను పిల్లిని మూతబుట్టలో పెట్టుకుని పరుగు. పిన్ని మెడలో టేపుతోనే ఆటో ఎక్కేసింది. కుచ్చులు కుట్టే బదులు అప్పుడే తీసుకెళ్లాల్సిందని దారంతా తనను తాను తిట్టుకుంది. పశువుల డాక్టరమ్మ దొరసాని తోకకు చిన్న పట్టీ చుట్టి బీపీ చూసింది, కళ్లలోకి లైటు వేసింది. బీపీ బాగా పెరిగి, కంటి లోపలి పొర విడివడిందట. ఆలస్యం చేసే కొద్దీ చూపు తిరిగొచ్చే ఆశ తగ్గుతుందని చెప్పి, మాత్ర అక్కడికక్కడే వేసేసింది.

“చూపు వస్తుందా అమ్మా?” పిన్ని గొంతు పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

“కొంచెం రావచ్చు, రాకపోవచ్చు కూడా. మాత్ర మాత్రం ఒక్క పూటా మానకండి.”

ఇక కొట్లో పిన్ని మాటే శాసనం. ఏ వస్తువూ అంగుళం జరగకూడదు. నీళ్లగిన్నె చోటు మారకూడదు. దొరసానిని ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి. కుర్చీ కాస్త వెనక్కి లాగినందుకు బాబాయి చీవాట్లు తిన్నాడు. మాత్ర మింగించే పని నాది, గీరించుకునే పనీ నాదే. రోజులు గడుస్తున్నా మార్పు కనబడక, లోపల్లోపల అందరం బెంగపడిపోయాం.

ఒక ఉదయం గోడ మీదికి బల్లి వచ్చింది. బల్లి పేరెత్తితేనే కుర్చీ ఎక్కే మనిషి మా పిన్ని. ఆ రోజు ఎక్కలేదు. బల్లి చడీచప్పుడూ లేకుండా పక్కకు పాకింది. దొరసాని తల దానితోపాటే తిరిగింది. బల్లి ఆగితే తలా ఆగింది. పిన్ని సంగతి తెలిసిన బాబాయి అప్పటికే చీపురు ఎత్తాడు. పిన్ని వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. ఆవిడకు కళ్ల నీళ్లు ఆగడం లేదు.

“కొట్టకండి. నా పిల్లి దాన్ని చూస్తోంది.”