సునీత లాగ్‌బుక్‌లో నేను రాసిన మాట

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో చెప్పిన అబద్ధం కాదు. ఒక అమ్మాయి లాగ్‌బుక్‌లో రాసి, కింద సంతకం పెట్టాను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే మిమ్మల్నీ అనుమానించేవాణ్ణి.

నేను విమానం నడపడం నేర్పేవాణ్ణి. ప్రకాశం జిల్లాలో ఒక పాత రన్‌వే మీద చిన్న ఫ్లయింగ్ స్కూలు ఉండేది. ఇన్‌స్ట్రక్టర్లం ముగ్గురం. అందరిలోకీ చిన్నది సునీత, నల్లపాడులో చర్చి బడి టీచరు గారి కూతురు. మామూలుగా నేర్పడానికి ఆమెకు లైసెన్సు ఉంది. మబ్బుల్లో బయటేమీ కనబడనప్పుడు, మీటర్లు మాత్రమే చూస్తూ నడపడం నేర్పాలంటే మాత్రం అది చాలదు. ఒక సీనియర్ పక్కన కూర్చుని పరీక్షించి, ఈమె నేర్పగలదని లాగ్‌బుక్‌లో, అంటే పైలట్ ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకంలో, రాసి సంతకం చేయాలి. దాన్నే ఎండార్స్‌మెంట్ అంటారు. అది చేతికొస్తే హైదరాబాదులో ఒక పెద్ద స్కూలు ఆమెను తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆ సీనియర్ నేనే.

పరీక్షలో నుదుటికి ఒక తొడుగు పెడతారు. మీటర్లు తప్ప బయట ఏమీ కనబడదు. గడ్డం కాస్త ఎత్తితే కనబడుతుంది. ఆ సంగతి నాకు మరీ బాగా తెలుసు.

అది మిరపకాయలు ఎండబెట్టే కాలం. పైనుంచి చూస్తే చిలకలూరిపేట చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు కంటపడితే చాలు, ఎక్కడున్నామో మావైపు పైలట్ ఎవడైనా చెప్పేస్తాడు. సింగరాయకొండ దాటాక సునీత తొడుగు పెట్టుకుంది. దాదాపు అరగంట మీటర్లు చూస్తూ, ఒళ్లో కాగితం మీద ఏవో అంకెలు గీసుకుంటూ నడిపింది. ఒక్కసారి మాత్రం చెమట తుడుచుకోవడానికి తల ఎత్తింది. నేను దాన్నే మనసులో పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి, "చిలకలూరిపేట మీదకి వచ్చామండి," అంది. కిందికి చూశాను. సరిగ్గా కల్లాల మీద ఉన్నాం.

"బయటికి చూశావా?" అన్నాను.

"లేదు సార్. టైము చూసుకుంటా వచ్చాను."

"టైము చూసుకుంటే ఇంత కరెక్టుగా వచ్చిద్దా? ఎవరికి చెప్తావమ్మా?"

"గాలి కూడా లెక్కేశానండి. నమ్మకం లేకపోతే తొడుగు పక్కన గుడ్డ కట్టి మళ్లీ తీసుకెళ్లండి సార్. ఇప్పుడే వెళ్దాం."

తప్పు చేసినవాళ్లు అలా అడుగుతారా? నాకా ప్రశ్న రాలేదు. వచ్చినా తోసేశానేమో. దిగగానే లాగ్‌బుక్ తెరిచి, బయటి గుర్తులు చూసి నడిపిందని, నేర్పడానికి తగదని రాశాను. ఆమె ఏడవలేదు. ఆ ఏడవకపోవడాన్ని కూడా అనుమానించాను.

సాయంత్రం విమానానికి గుడ్డ కప్పబోతుంటే ఆమె సీటు కింద ఒక కాగితం దొరికింది. పెన్సిల్‌తో నిమిషాలు, గాలి వేగం, దారి మధ్యలో కొట్టేసి మార్చిన అంకెలు. చివర చిలకలూరిపేట చేరే నిమిషం. మేం చేరింది ఆ నిమిషానికే. లాగ్‌బుక్ అప్పటికింకా నా టేబుల్ మీదే ఉంది. మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. ఒక్క గీత గీసి, పొరపాటని రాస్తే సరిపోయేది.

కాగితం ముక్కలు ముక్కలుగా చింపేశాను.

ఎందుకు? ఆమె మీద నాకు కోపం లేదు. ఆడపిల్లలకు విమానాలెందుకు అనుకునే మనిషినేమో, అందుకే చేశానేమో అని ఎన్నో ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను, ఎందుకంటే ఆ తప్పు కనీసం పదిమందిలోనూ ఉండే తప్పు. నిజం అది కాదు. నా ఎండార్స్‌మెంట్ నాడు గడ్డం ఎత్తి కల్లాలు చూసింది నేను. పట్టుబడలేదు. అప్పటి నుంచి తొడుగు పెట్టుకున్న ప్రతివాడూ దొంగలాగే కనిపించాడు. స్టూడెంట్లు నన్ను వెనకాల అనుమానప్పక్షి అనేవాళ్లు. అందరూ చూస్తారు, నేనూ చూశాను అనే ఒక్క మాట మీద బతికాను. ఆ కాగితం ఉంటే ఆ మాట పోతుంది. చూడకుండా కూడా నడపొచ్చని తేలిపోతుంది.

హైదరాబాదు వాళ్లు ఆమెను వద్దన్నారు. తొంగిచూసే పైలట్ అన్న పేరు ఆమెకంటే ముందు ప్రతి స్కూలుకీ చేరింది. ఏడాది తిరిగేసరికి ఎగరడం మానేసి, నల్లపాడులో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటోందని విన్నాను. ఒకసారి అక్కడి రైల్వే స్టేషన్లో ఎదురుపడి, బాగున్నారా సార్ అని పలకరించింది. కాగితం సంగతి తెలిసే అడిగిందా? నన్ను పరీక్షిస్తోందా? వారం రోజులు అదే ఆలోచన. మామూలుగానే పలకరించి ఉంటుందని నమ్మడం ఇప్పటికీ నాకు చేతకావడం లేదు.

క్షమించమని రాయడం లేదు. మీరు క్షమించినా నేను నమ్మను. ఒక్క వాక్యం మాత్రం నా చేతిరాతతోనే రాయాలి, ఆ రోజు రాయాల్సిన చోట కాకపోయినా. సునీత బయటికి చూడలేదు. ఆమె నేర్పగలదు.