వెయ్యిలో పది

మా అక్కకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిన రోజు నాన్న అడిగిన మొదటి మాట, "పరీక్షలో ఎన్నొచ్చాయి?" అని.

"తొంభై ఆరు" అంది అక్క.

"మిగతా నాలుగూ ఏమయ్యాయి?"

ఉద్యోగం వచ్చింది కదా, ఇంకా ఆ గోల దేనికని అమ్మ విసుక్కుంది. "వచ్చిందిలే, కాదన్నానా? ఆ నాలుగు సంగతి అడుగుతున్నాను" అన్నాడు నాన్న.

ఆయన లెక్కల మాస్టారు. చెడ్డ మనసేమీ కాదు. తప్పెక్కడ జరిగిందో తెలిసేదాకా ముద్ద దిగేది కాదు, అంతే. ఆ గుణం మా ఇద్దరిలో అక్కకు వచ్చింది, నన్ను వదిలేసింది. నేను నర్సునయ్యాను. వార్డులో ఒక మంచం దగ్గరే తర్కం పెట్టుకుని నిలబడితే పక్క మంచం మనిషి ఊరుకోడు.

ఇద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేశాం. నేను పైఅంతస్తు వార్డులో. అక్క కింద, మెట్ల వెనకున్న సర్వర్ల గదిలో. అందరూ దాన్ని చల్లగది అనేవాళ్ళు. ఇనపబీరువాల్లాంటి చట్రాలు, వాటి నిండా మిణుకుమనే చిన్న దీపాలు, ఎడతెరిపి లేని హోరు. బయట ఎండ మండిపోతున్నా అక్క ముదురునీలం స్వెట్టరు వేసుకుని కూర్చునేది. వార్డులో ఉక్కపోతకి తట్టుకోలేక నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికే దిగేదాన్ని. తినడం పేరు, చల్లబడటం అసలు పని. "తలుపెయ్యవే, చలంతా పోతుంది" అనేది అక్క, నేను అడుగు లోపల పెట్టకముందే. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి హోరు వినబడితే నాకు ఆ మాటే చెవిలో పడుతుంది.

యంత్రాలను కనిపెట్టుకుని ఉండటమే ఆమె పని. ఒక్కో యంత్రమూ తానెంత వేడెక్కిందో, ఎంత బరువు మోస్తోందో, లోపల ఎంత చోటు మిగిలిందో నిమిషనిమిషానికీ చెబుతూ ఉండేది. అవన్నీ తెర మీద గీతలై పాకేవి. బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. అక్క తెర ఎప్పుడూ వరిచేనులా పచ్చగా ఉండేది. దాన్ని చూసుకుని ఆమె మురిసిపోయేది కూడా.

ఆ గదికి ఆనుకుని ఒక చిన్న గది, అందులో ఒక బల్ల, ఒక ఫోను. కంప్యూటరు మొరాయించిందని ఎవరు ఫోన్ చేసినా ఎత్తేది అక్కడ కూర్చునే ఆయన. తర్వాత మా బావ అయ్యాడు గనుక ఇప్పుడే బావ అనేస్తాను. బావ గొంతు విని మనిషిని చెప్పేవాడు. రాసుకునే అలవాటు మాత్రం లేదు. "ఇవాళ ఫోన్లు దంచేశాయండీ" అనేవాడు. నిన్నో అంటే, "నిన్నటి సంగతి చెప్పకండి" అనేవాడు. ఆయన లెక్కలన్నీ ఆ తీరే.

ఒక ఉదయం మా వార్డులో డాక్టరు రౌండ్లకు వచ్చే వేళకి రక్తపరీక్షల రిపోర్టులు తెర మీదికి రాలేదు. ల్యాబులో తయారైన రిపోర్టు వార్డు కంప్యూటర్లో కనబడాలి. చక్రం తిరుగుతూనే ఉంది. డాక్టరు కాసేపు చూసి, మందులు రాయకుండానే వెళ్ళిపోయాడు. మా హెడ్‌నర్సును తుపాకి సిస్టర్ అనేవాళ్ళం. ఆవిడ ఫోను ఎత్తి బావను ఒక దులుపు దులిపింది. అక్కడితో ఆగక మేనేజరు గదికి వెళ్ళింది.

మేనేజరు పెద్దాయన, నెమ్మదస్తుడు. అక్కనూ బావనూ కూర్చోబెట్టి, "ఈ రిపోర్టులు ఎంతవరకు నమ్మొచ్చో నాకొక అంకె రాసివ్వండి. రాశాక దానికి కట్టుబడి ఉండాలి" అన్నాడు.

అక్క అక్కడికక్కడే నూటికి వంద అని రాసింది. పెంచిన చెయ్యి ఎవరిది మరి.

బావ ఆ కాగితం చూసి, "మేడం, వంద అని రాసిస్తే రేపు పొద్దుటికే మనం అబద్ధాలకోరులం" అన్నాడు.

"పోయిన నెలంతా నా తెర పచ్చగా ఉంది."

"మీ తెర పచ్చగానే ఉంటుందండీ. నా చెవే కాలిపోయింది."

మూడురోజులు వాళ్ళ మధ్య మాటల్లేవు. ఆ తర్వాత అక్క, నాన్న కూతురు గనుక, వాదించడం మాని లెక్క తీసింది. ఎవరు ఎప్పుడు ఫోన్ చేశారో టెలిఫోను యంత్రంలో నమోదై ఉంటుంది. ఆ వివరాలు తెప్పించి, తన గీతల పక్కన పెట్టింది. చూస్తే ఇద్దరి మాటా నిలవలేదు. బావ చెప్పినన్ని ఫోన్లు లేవు. ఉన్నవాటిలో సగానికి పైగా ఒక్క తుపాకి సిస్టర్‌వే. ఒక్కసారి చక్రం తిరిగితే ఆవిడ మూడుసార్లు చేస్తుంది. బావ తల గోక్కుని, "ఒక్క మనిషేనా? నేనేదో ఊరంతా అనుకున్నానే" అన్నాడు.

అయితే అక్కకీ గెలుపు దక్కలేదు. ఫోన్లన్నీ రౌండ్ల వేళకే ఉన్నాయి, ఆ వేళకి ఆమె తెర పచ్చగా ఉంది. అంటే ఆమె చూసేది యంత్రాల ఒంటిని. ల్యాబు నుంచి వార్డుకి రిపోర్టు నడిచి వచ్చే దారిని ఎవరూ చూడటం లేదు. అక్క మా వార్డు కంప్యూటర్లో ఒక చిన్న ఏర్పాటు చేసింది. అది ఉత్తుత్తి రిపోర్టు ఒకటి నిమిషానికోసారి అడిగి, ఎంతసేపటికి వచ్చిందో కొలిచి కిందికి పంపుతుంది. వారం తిరిగేసరికి తెర మీద కొత్త గీత వచ్చింది. రోజంతా నేల మీద పాకుతుంది, రౌండ్ల వేళకి మాత్రం కొండెక్కుతుంది. ప్రతి ఉదయమూ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అక్క కంచం ముందు ఊరికే కూర్చుంది.

"ఏమైందే?" అంది అమ్మ.

"ఇన్నేళ్ళూ అంతా బాగుందని రాసిస్తూ వచ్చానమ్మా. దీనికేమో పొద్దున్నే గుండె దడ" అని నన్ను చూపించింది. నాన్న ఏదో అనబోయి ఆగాడు. అలా ఆయన ఆగడం నేను చూడటం అదే మొదలు.

కొండకి కారణం దొరకడం కష్టం కాలేదు. రాత్రిపూట రికార్డులన్నిటికీ కాపీ తీసి దాచే పని తెల్లారినా పూర్తికాక, సరిగ్గా రౌండ్లప్పుడు లైనుకి అడ్డం పడుతోంది. దాని వేళ మార్చారు. కొండ కాస్తా దిబ్బయింది. దిబ్బ మాత్రం పోలేదు.

ఇక అంకె. ఎంత ఆలస్యాన్ని ఆలస్యం అనాలి? అక్కా బావా నెలరోజులు దీని మీదే కొట్టుకున్నారు. చివరికి బావ, "మనమిద్దరం ఇక్కడ కూర్చుని తేల్చేదేంటండీ, పైకెళ్ళి చూద్దాం" అన్నాడు. మర్నాడు ఉదయం ఇద్దరూ మా వార్డులో మూలబల్ల దగ్గర కూర్చున్నారు. రిపోర్టు రాకపోతే నేను కాసేపు చూస్తాను, తెరను ఒక దెబ్బ కొడతాను, ఇంకాసేపు చూస్తాను, ఆ తర్వాత లేచి ల్యాబుకి నడుస్తాను. మిగతా నర్సులూ అంతే. అక్క చేతిగడియారంలో చూస్తూ కూర్చుంది. బావ చూడటం మానేసి ఒక ముసలాయనకి మంచినీళ్ళు అందించాడు.

"నర్సు కుర్చీలోంచి లేవకముందు వస్తే వచ్చినట్టు. లేచాక వస్తే రానట్టే" అంది అక్క, కిందికి దిగుతూ. అదే వాళ్ళ కొలత అయింది.

ఆ కొలతతో పాత నెలల లెక్క చూసి, ఉదయం అడిగిన వెయ్యి రిపోర్టుల్లో తొమ్మిదివందల తొంభై నర్సు లేవకముందే రావాలని రాశారు. మిగిలిన పదీ పొరపాట్ల వాటా. యంత్రం చెడినా, లైను తెగినా, మనం కొత్తది పెట్టబోయి పాడుచేసినా అందులోంచే పోవాలి. ఒక నెలలో వాటా అయిపోతే ఆ నెల కొత్త పనులు బంద్, ఉన్నవి బాగుచేసుకోవడమే. పెద్దాయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

పెద్దాయన ఒప్పుకున్నాడు గాని నాన్న ఒప్పుకోలేదు.

"వెయ్యిలో పది తప్పులు చేస్తామని ముందే రాసిచ్చారా? సిగ్గు లేదూ?"

"వంద అని రాస్తే ఎవరూ కొలవరు నాన్నా. పది అని రాశాం కాబట్టి పదకొండోది అయినప్పుడు అడుగుతారు."

"నా క్లాసులో ఇలాంటి వాటా అడిగితే చెవి మెలిపెట్టేవాణ్ణి."

"తెలుసులే. ఆ చెవి ఇదే" అంది అక్క. అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు.

ఆ వానాకాలమంతా అక్క ఒక కొత్త పని మీద కూర్చుంది. అంతవరకు స్కానింగు ఫిల్ములు నర్సులే మోసుకొచ్చేవాళ్ళం. అవి నేరుగా వార్డు తెర మీద కనబడేలా ఆమె తయారుచేసింది. పై ఊరి నుంచి బోర్డు పెద్దలు వస్తున్నారని, వాళ్ళ ముందు మొదలుపెట్టాలని తేదీ కూడా ఖాయమైంది. అది నడిస్తే అక్కకి ప్రమోషను వస్తుందని అందరూ అనుకుంటున్నారు.

సరిగ్గా ఆ నెలలోనే ఒక నెట్‌వర్క్ పెట్టె కాలిపోయింది. మార్చేసరికి మూడు ఉదయాలు పాడయ్యాయి. వాటా అయిపోయింది, మీద ఇంకొంత అప్పు.

పెద్దాయనే పిలిచి చెప్పాడు. "చూడమ్మా, రూలు రాసింది నువ్వు, ఆగేది నీ పనే. ఈ ఒక్కసారికి ఆ రూలు పక్కన పెట్టెయ్, నేనేమీ అనను."

అక్క గదికొచ్చి చాలాసేపు తెర ముందు కూర్చుంది. నేను డబ్బా మూత తీసి పెట్టుకుని ఉన్నాను గాని తినడానికి చెయ్యి రాలేదు. అప్పుడు ఆమె లేచి బావ బల్ల దగ్గరికెళ్ళింది.

"మీరేమంటారు?"

"నేను ఫోనెత్తేవాణ్ణి మేడం. నన్నడిగితే ఆపమనే అంటాను. మీరెంత కష్టపడ్డారో చూశాను కాబట్టి, దయచేసి నన్నడక్కండి."

అక్క తిరిగొచ్చి, పెద్దాయనకి రెండు ముక్కలు రాసి పంపింది: వచ్చే నెల దాకా ఆపుతున్నాం. ఆ తర్వాత నా డబ్బాలోంచి ఇంత తీసుకుని తిన్నది. కళ్ళు మాత్రం తుడుచుకోలేదు.

బోర్డు పెద్దలు వచ్చి, మందుల స్టోరులో వేరెవరిదో కొత్త యంత్రం చూసి మెచ్చుకుని వెళ్ళారు. ప్రమోషను ఆయనకి వచ్చింది. అక్క పని మరుసటి నెలలో ఏ హడావిడీ లేకుండా మొదలైంది. ఫిల్ముల బరువు దిగిన మా భుజాలకి తప్ప ఎవరికీ పెద్దగా తెలియలేదు. అక్కకి బాధ లేదని నేను అబద్ధం చెప్పను. ఏడాది పాటు మందుల స్టోరు వైపు నడవకుండా చుట్టూ తిరిగి వెళ్ళేది.

కానీ ఒక రోజు ఫోను మోగితే బావ ఎత్తాడు. తుపాకి సిస్టర్. "ఏం లేదు బాబూ. ఈ నెల మీకు ఫోన్ చెయ్యనే లేదని గుర్తొచ్చింది. కులాసాయేనా?" అంది. బావ ఫోను పెట్టేసి, చల్లగది తలుపు తీసి, ఆ మాట అక్కకి చెప్పి, చెప్పిన ఊపులో ఇంకో మాట కూడా అడిగేశాడట. తలుపు తెరిచే ఉంచాడని అక్క ముందు కేకలేసింది. ఆ తర్వాత సరేనంది.

బావ మా ఇంటికి వచ్చినప్పుడు నాన్న ఎదురుకుర్చీలో కూర్చోబెట్టి, "లెక్కల్లో ఎన్నొచ్చాయి?" అన్నాడు. నేనూ అమ్మా తలుపు చాటున నిలబడ్డాం.

"నలభై రెండు, మాస్టారూ."

"ఏవి తప్పావో గుర్తుందా?"

"బాగా గుర్తున్నాయండీ. ఇప్పుడిచ్చినా అవే తప్పుతాను."

నాన్న పక్కకి తిరిగి దగ్గు వచ్చినట్టు నటించాడు. పెళ్ళి ఆ చలికాలంలోనే అయింది.

కొన్నేళ్ళకి నాన్నకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మా వార్డులోనే చేరాడు. ఒక ఉదయం ఆయన రక్తపరీక్ష రిపోర్టు రాలేదు. చక్రం తిరుగుతోంది. నేను లేచి ల్యాబుకి నడిచి, కాగితం మీద రాయించుకుని తెచ్చాను. మందు కొంచెం ఆలస్యమైంది. ప్రమాదమేమీ జరగలేదు. కింద ఎర్రగీత చూసి అక్క పరిగెత్తుకుంటూ పైకొచ్చింది.

నాన్న ముక్కుకున్న గొట్టం సర్దుకుని, "ఆ పదిలో ఉన్నానా?" అన్నాడు.

"ఉన్నావు నాన్నా" అంది అక్క. స్వెట్టరు అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు. ఎవరో ఒకళ్ళు ఉండాలిగా" అని, కాస్త ఆగి, "ఎందుకు ఆగిందో కనుక్కుని నాకు చెప్పు" అన్నాడు. అక్క కనుక్కుంది. సాయంత్రం మంచం అంచున కూర్చుని బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. ఇద్దరూ అలా తలలు దగ్గరపెట్టుకుని కూర్చోవడం చూస్తుంటే, అక్క చిన్నప్పుడు లాంతరు వెలుగులో ఎక్కాలు అప్పజెప్పినప్పటిలా అనిపించింది. నాన్న కోలుకుని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నాడు.

ఆసుపత్రి కొత్త కట్టడంలోకి మారుతున్నప్పుడు అన్నిటికంటే ముందు చల్లగది మూసేశారు. ఇప్పుడు ఆ యంత్రాలు ఎక్కడో దూరంగా ఉన్నాయి, ఎవరూ స్వెట్టర్లు వేసుకోవడం లేదు. చట్రాలు తీసేస్తున్న రోజు ముగ్గురం చూడటానికి వెళ్ళాం. అక్క చివరి మీట నొక్కింది. హోరు ఆగిపోయింది. అన్నేళ్ళలో ఆ గదిలో నిశ్శబ్దం వినడం అదే మొదటిసారి, అందుకని ముగ్గురం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. గోడవారగా ఉన్న చట్రం పక్కకి జరిపితే వెనకాల ఒక కిటికీ బయటపడింది. చెక్కలు కొట్టి మూసేశారు ఎప్పుడో. బావ ఒక చెక్క ఊడబెరికాడు. అవతల ల్యాబుకి వెళ్ళే వరండా కనిపించింది. ఎవరో నర్సు, నాకు తెలియని చిన్నపిల్ల, చేతిలో కాగితాలతో తాపీగా నడిచి వెళుతోంది. అక్క ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూసింది.

"తలుపు తీసే ఉంచవే" అంది నాతో. "కాస్త గాలి రానీ."