మల్లమ్మ మంచం దగ్గర పాలగ్లాసు

1957 జూన్‌లో నన్ను వికారాబాద్ దగ్గర గుట్ట మీదున్న క్షయ ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డుకు స్టాఫ్ నర్సుగా వేశారు. అప్పట్లో సూదిమందు ఎంత ముఖ్యమో విశ్రాంతి, బలమైన తిండి అంతే ముఖ్యం. ఉదయం పాలు, గుడ్డు. ప్రతి సోమవారం తూకం. రెండు నెలలైనా బరువు పెరగని రోగిని మందుకు లొంగని కేసుగా రాసి ఇంటికి పంపేవారు. ఆ మంచం కోసం బయట ఎందరో ఎదురుచూసేవారు.

యాలాల్ వైపు నుంచి వచ్చిన మల్లమ్మది గొర్రెలు కాసుకునే కుటుంబం. ఇంటి దగ్గర చిన్నబిడ్డను తల్లికి అప్పగించి వచ్చింది. సూదికి మారు మాట్లాడదు, విశ్రాంతి వేళ కదలదు. అయినా వారం వారం బరువు తగ్గుతోంది. పక్క మంచం మీది జైనబ్బీ మాత్రం బుగ్గలు నిండి నిగనిగలాడుతోంది. పెద్ద డాక్టరు చార్టు చూసి, ఇంకో రెండు తూకాలు చూద్దామన్నారు. ఆ మాటకు అర్థం మాకందరికీ తెలుసు.

ఒకరోజు తెల్లవారగానే తలుపు దగ్గర నిలబడి గమనించాను. మల్లమ్మ తన పాలగ్లాసును రెండు చేతులతో పట్టుకెళ్ళి జైనబ్బీకి ఇచ్చి దండం పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. అడిగితే, దీనికంతటికీ మూలం తాండూరు పంతులుగారని తేలింది.

ఆయన రిటైరైన బడిపంతులు, మగవాళ్ళ వార్డు రోగి. కోలుకున్నాక డాక్టరు అనుమతితో సాయంత్రం వరండాలో అరగంట వేదాంతం చెప్పేవారు. ప్రతి మనిషిలో ఉన్న ఆత్మ దేవుడేనని, ఆ దేవుడికి రోగం లేదు, చావు లేదు అని. రోగులకు ధైర్యం కలుగుతుందని నేనూ ఊరుకున్నాను. మల్లమ్మ వాళ్ళింట్లో మందలో మొదట పితికిన పాలు ముందు దేవుడికి పెట్టాలి. దేవుడు పక్క మంచంలోనే ఉన్నాడని పంతులుగారు చెప్పాక ఆవిడ ఇక గుడి కోసం వెతకలేదు. జైనబ్బీ ఏమో, ఈమెకు పాలు పడవు కాబోలు అనుకుని తాగేసేది.

నీలోనూ ఆ దేవుడే ఉన్నాడు కదా, ఆయన్నెందుకు పస్తు పెడుతున్నావని మల్లమ్మను కసిరాను.

"నాకు నేనే నైవేద్యం పెట్టుకుంటనా సిస్టరమ్మా? ఎవలన్న నవ్వుతరు."

పంతులుగారిని పిలిచి, మీరు పెట్టిన చిక్కు మీరే విప్పండన్నాను. ఆయన శరీరం, మనసు, ఆత్మ అంటూ గంటసేపు విడమరిచారు. మల్లమ్మ ప్రతి మాటకూ అవును సారూ అంది. మర్నాడు గ్లాసు మళ్ళీ పక్క మంచానికే వెళ్ళింది. నేను తల బాదుకోవడమొకటే తక్కువ. పంతులుగారు పాపం ఆ సాయంత్రం వరండాలోకి రాలేదు.

చివరికి జైనబ్బీకి సంగతంతా చెప్పాను. నెలన్నర నుంచి తాను తాగింది ఎవరి ప్రాణమో ఆమెకు అప్పుడు అర్థమైంది. మరుసటి ఉదయం గ్లాసు అందుకుంది, పెదవికి తాకించకుండా కళ్ళకద్దుకుంది, తిరిగి మల్లమ్మ చేతిలో పెట్టింది.

"నాలోనున్న దేవునికి ముట్టింది మల్లమ్మా. మా దర్గల గూడ గంతే, మొక్కినంక తబర్రుక్ అని మల్ల మనకే ఇస్తరు. గిది నీ ప్రసాదం. తాగు."

ప్రసాదం కాదనడం మల్లమ్మకు చేతకాదు. గుటగుటా తాగేసింది. ఆనాటి నుంచి రోజూ అదే వరస. రెండో సోమవారం ముల్లు ఒక పౌండు పైకి జరిగింది. డాక్టరు మందు ఇప్పుడు పట్టిందన్నారు. నేను సరిదిద్దలేదు. మరుసటి వేసవికి మల్లమ్మ నయమై బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది.

నిజానికి కోపగించుకోవలసింది నా మీదే. అన్ని వారాలూ చార్టులో 'పాలు ఇవ్వడమైనది' అని సంతకం చేసింది నేను. ఇచ్చానే గాని, తాగిందో లేదో చూడలేదు. మనిషి లోపల దేవుడున్నాడా అన్నది పంతులుగారి లెక్క, నాకు తెలియదు. సర్వీసు ముగిసేదాకా నేను మాత్రం గ్లాసు ఖాళీ అయ్యేవరకు మంచం దగ్గరే నిలబడి, ఆ తర్వాతే సంతకం పెట్టాను.