ఖాళీ కుర్చీ మీద అమ్మ చీర

శామీర్‌పేట చెరువు గాలి మా కాలనీ మీదికి తిరిగిన సాయంత్రాలు సగం నిద్రలా ఉంటాయి. జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి తిరిగిందా, ఇక ధ్యానమూ లేదు గీనమూ లేదు, కిటికీలు మూసుకోవడమే.

ఆ గురువారం చెరువు గాలే. మాస్టారింటి మేడగదిలో చేరాం. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన మాకు ధ్యానం నేర్పుతున్నారు. ఒళ్లు వదిలేసి, కొండల్లో వెలుగుగా తిరిగే గురువులు ధ్యానంలో మన దగ్గరికొస్తారని ఆయన నమ్మకం, మా అందరిదీ. వాళ్ల కోసం ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి తెల్లబట్ట పరుస్తాం. పరిచే పని ఏళ్లుగా నాదే.

మేడ్చల్‌లో కొత్తగా ధ్యానం మొదలుపెట్టబోతున్నారు. ముందు కూర్చుని నడిపించడానికి నన్ను పంపమని మాస్టారిని అడిగాను. అదెంత కావాలనిపించిందో! అడిగాక నిద్ర కూడా సరిగా పట్టలేదు.

"గురుస్థానం ఆడ శరీరానికి లేదమ్మా. అయినా ధ్యానంలో ఆ గురువులనే అడిగి గురువారం చెబుతాను" అన్నారాయన.

గది ఊడవడానికీ ప్రసాదం వండడానికీ మాత్రం ఈ శరీరమే కావాలి. నాకసలే ముక్కు మీద కోపం. ఆ వారం మా వంటింటి గిన్నెలు బాగా మోగాయి.

గురువారానికి, ముసురు వల్ల కుర్చీ బట్ట ఆరలేదు. బీరువాలో తెల్లగా చేతికందింది పోయిన మా అమ్మ నేతచీర. అంచు లోపలికి మడిచి, అదే పరిచేశాను. వేళ మించిపోతోందన్న కంగారు తప్ప మరో ఆలోచన లేదు.

కళ్లు మూసుకున్నాను. చీర నుంచి కలరా ఉండల వాసన, దాని అడుగున ఎక్కడో పసుపు వాసన. చిన్నప్పుడు అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేదాకా కళ్లు మూసుకు కూర్చునేది. నేనూ పక్కన చేరేదాన్ని. "ఏం చూస్తున్నావమ్మా?" అంటే, "ఏం లేదే, ఊరికే ఉంటున్నా" అనేది. జింకల పార్కు వైపు నెమలి కూసింది. నాకెన్నేళ్లో, ఏ ఊళ్లో ఉన్నానో కాసేపు తెలియలేదు.

ధ్యానమయ్యాక ఎవరికెవరు కనిపించారో చెప్పుకోవడం మా ఆనవాయితీ. మగవాళ్లకు ఎప్పటిలాగే గడ్డాలు, జటలు. మేడ్చల్‌లో తన ఇల్లు ధ్యానానికి ఇస్తానన్న పటేల్ల ఇంటావిడ మాత్రం నవ్వింది.

"నాకు గడ్డం గిడ్డం ఏం కానరాలే సారూ. ఒక ముసలామె వచ్చి, తిన్నవా బిడ్డా అనడిగింది."

"అది గురువు కాదమ్మా, నీ మనసు."

"గా గురువులకు ఒళ్లే లేదంటిరి గద సారూ. ఒళ్లు లేనోళ్లు మొగోళ్లెట్లయిండ్రు?"

మాస్టారు నా వైపు తిరిగి, మెల్లగా అన్నారు. "వాళ్లు ఒప్పుకోలేదమ్మా. వచ్చే జన్మలో చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆయన లేచి, ప్రతిసారిలాగే కుర్చీకి వంగి దండం పెట్టి, బట్ట కొస తీసి కళ్లకద్దుకున్నారు. మడత జారి, సన్నటి ఆకుపచ్చ అంచు బయటపడింది. ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఎవరిదమ్మా ఈ చీర?"

"మా అమ్మది. బట్ట ఆరక పరిచాను. కళ్లు మూసుకుని కూర్చోవడం నాకు మొదట నేర్పింది ఆవిడే."

కోప్పడతారనుకున్నాను. ఆయన మళ్లీ ఆ చీరను కళ్లకద్దుకున్నారు. తర్వాత ఆడవాళ్లం మడిచినట్టే కొసలు కలిపి, ఈసారి అంచు పైకి వచ్చేలా మడిచి నా చేతుల్లో పెట్టారు.

"తడవనీయకమ్మా. మేడ్చల్‌లో నీ ముందు కుర్చీ మీద ఇదే పరుచుకో."