అమావాస్యకు అర్థం

తెనాలిలో మా ఇంటి క్యాలెండర్‌లో అమావాస్య నాటి నల్ల సున్నా కనబడితే చాలు, రేపల్లె దగ్గర మా రేవులో కొత్త పడవ రంగు వాసన ముక్కుకు తగులుతుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నాన్న, పెదనాన్న కలిసి కొనుక్కున్న ఆ పడవకు మొదటి బొట్టు ఇంటి ఆడపిల్ల పెట్టాలన్నారు. నేను కుంకుమ గిన్నె పట్టుకుని ముందుకెళ్తే పెదనాన్న ఆపాడు.

"నువ్వొద్దులేవే. అమావాస్య పుట్టుక నీది. మీ అక్క పెడుద్దిలే."

"అమావాస్యంటే సూర్యుడూ చంద్రుడూ ఒకే ఇంట్లో ఉండే రోజంట పెదనాన్నా! 'అమా' అంటే కలిసి, 'వాస్య' అంటే ఉండటం అని మా తెలుగు మేస్టారు చెప్పారు."

అర్థం తెలిస్తే గిన్నె నా దగ్గరే ఉంచుతాడనుకున్నాను.

"కలిసుండే రోజైతే, నిన్ను కనగానే మీ అమ్మెందుకు పోయిందే?"

గిన్నె ఆయన కూతురి చేతికి వెళ్లింది. పడవ తాడు పట్టుకుని పక్కనే నిలబడిన నాన్న తల వంచుకుని ఉండిపోయాడు.

నేను పుట్టిన రోజే నాన్నకు భార్య పోయిందని, ఆ ప్రశ్నకు ఆయన దగ్గరా జవాబు లేదని ఇప్పుడు అర్థమవుతుంది. అయినా, "దాని తప్పేముంది అన్నయ్యా" అని ఒక్క మాట అనాల్సింది.