బరువైన తుపాకి

మొన్న గద్వాల స్టేషన్లో మా రైలు ఆగి ఉంది. ఇంజను వచ్చి డబ్బాలకు తగిలేటప్పుడు ఒక కుదుపు వస్తుంది కదా, అది రాకముందే నా కుడి భుజం తనంతట తానే బిగిసి ముందుకు వంగింది. డబ్బాలో అందరూ ఊగారు, నేను ఊగలేదు. "భుజం నొప్పా అమ్మా?" అని అడిగింది ఎదురుగా కూర్చున్నావిడ. లేదన్నాను. మా అత్తమ్మ గుర్తొచ్చిందని చెబితే, అత్తకూ భుజానికీ సంబంధమేమిటో వివరించేలోపు కర్నూలు వచ్చేస్తుంది.

అత్తమ్మది కుదురులేని ప్రాణం. కూర్చుని అన్నం తినడం నేను పెద్దగా చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని కొట్టం దాకా వెళ్లి, ఎడ్లను పలకరించి, తింటూనే తిరిగొచ్చేది. ఆమె ఇంట్లో ఉంటే నాకూ ఒకచోట కాలు నిలిచేది కాదు. పుట్టిల్లు వనపర్తి వైపు. తండ్రి సంస్థానం వేటల్లో తిరిగిన మనిషి, మగపిల్లలు లేక కూతురికే తుపాకి నేర్పాడు. అత్తవారిల్లు, అంటే మా ఇల్లు, నాగర్‌కర్నూలుకు అవతల అడవి అంచున ఉండేది. మా ఆయనకు హైదరాబాదులో ఉద్యోగం. పండగకో పబ్బానికో వచ్చేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో మామయ్య పోయారు. ఆయన తుపాకులు మూడు గోడకు మిగిలాయి. ఒక్కటే ఉంచుకోవచ్చు, కాల్చగలిగిన మనిషి ఇంట్లో ఉండాలి, మిగిలినవి అప్పగించాలి అని తాలూకా కచేరీ నుంచి కబురు వచ్చింది. అప్పటికే అత్తమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. ఎదురుగా నిలబడ్డ మనిషిని గొంతును బట్టే పోల్చుకునేది. అంటే ఇక కాల్చాల్సింది నేను. చేలో పల్లికాయ ఊరుతోంది. కిందటేడు అడవిపందులు సగం చేను తవ్విపోశాయి. ఈసారీ అలాగే అయితే భూమి అమ్మేద్దాం, ఇద్దరూ పట్నం వచ్చేయండి అని మా ఆయన తేల్చి చెప్పాడు. పట్నంలో రెండు గదుల్లో అత్తమ్మ ఎటు తిరుగుతుంది?

సెలవులకు వచ్చిన మా మరిది ఏ తుపాకి ఉంచాలో అప్పుడే తీర్మానం చేసేశాడు. పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకి. "ఆడమనిషి గదనే అమ్మా. గదైతే తేలికగుంటది. జోడుగొట్టాలది వదిన లేపుతదా?" అన్నాడు. నాకూ ఆ మాట నచ్చింది.

మూడింటినీ కాల్చి చూద్దామని, మేం కార్తూసులనే తూటాలు పట్టుకుని ముగ్గురం ఎండిన వాగులోకి వెళ్లాం. దెబ్బ తగలకుండా నేను కొంగును నాలుగు మడతలు పెట్టి రవికె మీద భుజానికి అడ్డంగా దోపుకున్నాను. ఇంకెవరూ ఇలాంటి తెలివి చూపించరు. ఆ మడత మీద, భుజానికి ఆనే తుపాకి మడమ నిలవక జారి జబ్బ మీదికి వచ్చింది. మీట నొక్కగానే ఒంటిగొట్టం గాడిదలా తన్నింది. పుస్తెలతాడు మెడకు ఒరుసుకుంది, జబ్బ కమిలిపోయింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తుపాకిని ఇసకలో పడేయబోయాను.

అత్తమ్మ చేత్తో తడిమి కొంగు మడత లాగేసి, నా భుజం ఎముక మీద వేలు పెట్టింది. "మెత్త పెడితే ఆనదు బిడ్డా. బొక్క పక్కన గుంత ఉంటది, గాడ ఆనించి దగ్గరికి గుంజుకో. దూరం పెట్టినకొద్దీ ఉరికొచ్చి తంతది."

"తేలికది గదా, గింత తన్నుడేంది?" అన్నాను.

"తేలికదనే తన్నింది. తేలికదైనా బరువుదైనా కార్తూసు గదే, దెబ్బ గదే. తుపాకి కొంత మింగాలె, నువ్వు కొంత మింగాలె. గది మింగకపోతే మొత్తం నీకే."

రెండోది ఇరవై బోరు. బోరు అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నమవుతుందన్న సంగతి నాకప్పుడే తెలిసింది. ఎంత ముద్దుగా ఉండేదో. చూపు ఎటు తిరిగితే గొట్టం అటు తిరిగేది, దెబ్బ చిన్నగా తట్టినట్టుండేది. ఇదే ఉంచుదామని మొండికేశాను. యుద్ధం వల్ల దాని కార్తూసులు దొరకడం లేదని, ఒక్కో కార్తూసులో గుళ్లు కూడా తక్కువ పడతాయని అత్తమ్మ చెబుతున్నా వినిపించుకోలేదు. ఇప్పటికీ ఆ తుపాకి మీద నాకు మనసుంది.

చివరికి పన్నెండు బోరు జోడుగొట్టాలది చేతికిచ్చింది. ఎత్తితే చేతులు లాగేశాయి, తిప్పబోతే కదలడానికి బద్ధకించింది. కానీ పేలినప్పుడు కొట్టలేదు, పెద్ద ఎద్దు పక్కకు జరుగుతూ నెట్టినట్టు నెట్టింది. మరిది నమ్మలేక తానూ ఒకసారి కాల్చి చూశాడు, ఆ తర్వాత ఇంటిదాకా దాన్ని తనే భుజాన వేసుకుని నడిచాడు.

అదే ఉంచడం ఖాయమైంది. మర్నాడు అత్తమ్మే తుపాకి నింపి ఇచ్చింది. గురి చూసి మీట నొక్కాను. పేలలేదు. కానీ నా కళ్లు మూసుకుపోయాయి, భుజం వెనక్కి ఎగిరింది, గొట్టం నేలకు వంగింది. ఆమె లోపల పెట్టింది ముందురోజు కాల్చేసిన ఖాళీ కార్తూసు.

"ఇప్పుడెవరు తన్నిన్రు నిన్ను?" అంది.

ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లిపోతానన్నాను. "పోదువు తియ్. పందులొస్తే గిట్లనే ఇంటికి పోతవా?" అని ఇంకో కార్తూసు తానే తడిమి తుపాకిలో పెట్టింది. అది ఖాళీదో నిండుదో చెప్పలేదు. వారం పొడుగునా అదే వరస. ఏది పేలుతుందో తెలియక భుజం భయపడడం మానేసింది. మిగిలిన రెండు తుపాకులను మరిది బండిలో వేసుకుని కచేరీకి వెళ్లాడు. ఇరవై బోరు వెళ్లిపోతుంటే నేను బయటికి రాలేదు.

పల్లి పీకడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, తెల్లవారుతుండగా చేలో కూర్చున్నాం. అత్తమ్మ కూర్చుంటేనా? వెనక అటూ ఇటూ నడుస్తూనే ఉంది. పందుల గుంపు గట్టు దాటే చప్పుడు ఆమెకే ముందు వినిపించింది. నడక ఆపి నా వెనకకు వచ్చి, వీపు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ఆమె అంత కదలకుండా నిలబడడం అంతకుముందు చూడలేదు. ముందున్న పెద్దది పక్కకు తిరిగేదాకా ఆగి, మీట నొక్కాను. పొగ కమ్మింది, గుంపు అడవిలోకి ఉరికింది. తగిలిందో లేదో నాకు తెలియలేదు.

"పడ్డది," అంది అత్తమ్మ.

"నీకెట్ల తెలుసు అత్తమ్మా? నాకే కనబడ్తలేదు."

"నువ్వు కదల్లే."

పొగ విడిపోయాక చూస్తే నిజంగానే పడి ఉంది. పందులు మళ్లీ వచ్చేలోపు పల్లి ఇంటికి చేరింది. భూమి అమ్మే మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. అత్తమ్మ పోయేదాకా ఆ పొలం గట్ల మీదే, ఒక చేత్తో నా భుజం పట్టుకుని తిరిగింది.

ఆ తర్వాత నా మీదికి చాలానే వచ్చాయి. మా ఆయన పోయాడు, భూమి కోసం కొట్లాడాల్సి వచ్చింది, ఒక బిడ్డను పోగొట్టుకున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు తేలికైన దారి చూపించారు. చూపించినప్పుడల్లా నాకు అనుమానమే వచ్చింది. బరువైనదాన్నే దగ్గరికి గుంజుకుని ఆనించుకున్నాను. ధైర్యం ఉందని కాదు. నేను కదిలితే, వీపు మీద చెయ్యి పెట్టినావిడకు తెలిసిపోతుంది.